రాబడి అంచనా ఖర్చు పెట్టేవాళ్ల చేతిలో ఉండకూడదు

"రాబడి అంచనా ప్రభుత్వమే వేసుకుంటే నష్టమేంటి, ఏడాది చివర్లో సవరిస్తారు కదా?" అని ఒకరు అడిగారు. సవరిస్తారు, నిజమే. ఆ సవరణ ఎవరి మీద పడుతుందో నేను రోజూ చూస్తుంటాను.

గుంటూరులో రోడ్లు, కాలువల పనులు చేసే ఓ చిన్న కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూస్తాను. పని పూర్తవుతుంది, ఇంజనీరు ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, చేసిన పని రాస్తారు, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. డబ్బు మాత్రం రాదు. వెళ్లి అడిగితే "కేటాయింపు ఉందండీ, రిలీజ్ లేదు" అంటారు. అనుకున్న రాబడి రాకపోతే జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ఆపడం కష్టం. ఆగేది ఇలాంటి బిల్లులే. మార్చి దాటితే ఆ కేటాయింపూ మురిగిపోతుంది. ఈలోపు సిమెంటు కొట్టాయన ఫోన్ల మీద ఫోన్లు. కూలీలకు వారం వారం ఇవ్వాల్సిందే కాబట్టి మా ఓనరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు.

కేంద్రం లెక్కలే తీసుకోండి. 2018-19 స్థూల పన్ను రాబడి (రాష్ట్రాల వాటా తీయకముందు మొత్తం) 22.48 లక్షల కోట్లని 2019 ఫిబ్రవరిలో సవరించిన అంచనా. వచ్చింది 20.80. జులైలో పూర్తి బడ్జెట్ పెట్టేనాటికే ఈ తగ్గుదల తాత్కాలిక లెక్కల్లో తేలిపోయింది. అయినా బడ్జెట్ పత్రాల్లో పాత అంకే ఉంచి, 2019-20కి 24.61 లక్షల కోట్లు చూపించారు. పాత అంకెతో చూస్తే అది తొమ్మిదిన్నర శాతం పెరుగుదల, నమ్మేలాగే ఉంటుంది. అసలు వసూళ్లతో చూస్తే 18 శాతం! చివరికి వచ్చింది 20.10. మందగమనం, మధ్యలో కార్పొరేట్ పన్ను తగ్గింపు కూడా కారణాలే. కానీ బయటివాళ్లెవరైనా ఆ అంచనా వేసి ఉంటే 18 శాతం దగ్గరే కలం ఆగేది.

బ్రిటన్‌లో 2010 నుంచి ఈ అంచనాలు వేసేది ఆర్థిక శాఖ కాదు, ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అనే స్వతంత్ర సంస్థ. వాళ్ల అంచనాలూ తప్పుతాయి. ఎక్కడ, ఎందుకు తప్పాయో తర్వాత వాళ్లే నివేదిక రాసి బయటపెడతారు. నాకు నచ్చేది అదే. మన వై.వి.రెడ్డి గారు అధ్యక్షులుగా ఉన్న 14వ ఆర్థిక సంఘం, తర్వాత 2017లో ద్రవ్య బాధ్యత చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె.సింగ్ కమిటీ, ఇక్కడా అలాంటి స్వతంత్ర మండలి ఉండాలన్నాయి. అది కేంద్రానికి వస్తే సరిపోదు, రాష్ట్రానికీ కావాలి. మా బిల్లులు ఆగేది ఇక్కడే.