ఉద్యోగం మానేసి సీరియల్స్‌లో చేరొచ్చా? అక్కడి నుంచి సినిమాల్లోకి దారి ఉంటుందా?

మీ తమ్ముడికి సీరియల్‌లో హీరో తమ్ముడి పాత్ర వచ్చిందని, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేస్తానంటున్నాడని రాశారు. రెండేళ్లు సీరియల్ చేస్తే సినిమాల్లోకి వెళ్లిపోవచ్చని ఎవరో చెప్పారట, అది నిజమేనా అని మీ ప్రశ్న. నేను నటుణ్ని కాదు. హైదరాబాద్‌లో సీరియల్ సెట్లలో ఆరేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను. పేరుకి అసిస్టెంట్ డైరెక్టర్‌నే గానీ ఎక్కువ రోజులు చేసింది ప్రాంప్టింగ్. కెమెరా పక్కన కింద కూర్చుని నేను డైలాగు చదివితే ఆర్టిస్టులు అది విని పలుకుతారు. అందుకని నటన గొప్పతనం గురించి చెప్పలేను గానీ, ఆర్టిస్టుల బతుకు ఎలా నడుస్తుందో మాత్రం దగ్గర నుంచి చూశాను.

ముందు డబ్బు సంగతి. సీరియల్‌లో జీతం ఉండదు, ‘పర్ డే’ ఉంటుంది. పిలిచిన రోజుకే లెక్క. నేను చేసిన ఒక సీరియల్‌లో కొత్త కుర్రాడికి రోజుకి 2,500 ఇచ్చేవాళ్లు. నెలకి ఎనిమిది రోజులు పడితే ఇరవై వేలు. అందులో పది శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే కోస్తారు. అంత తక్కువ ఆదాయానికి పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే అది వెనక్కి వస్తుంది, కానీ కొత్తవాళ్లలో వేసేవాళ్లు తక్కువ. మిగిలింది కూడా నెలాఖరుకి రాదు. సంక్రాంతికి చేసిన పనికి ఉగాది దాటాక డబ్బులు పడిన సందర్భాలు బోలెడు. లోన్ మీద కారు కొనుక్కుని, ఆ ఈఎంఐ కోసం మాలాంటి వాళ్ల దగ్గర చేబదులు అడిగిన హీరోలు ఉన్నారు.

బట్టలు కూడా మా దగ్గర ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. సీరియల్లో పెళ్లి ట్రాక్ మొదలైతే ఇరవై ఎపిసోడ్లు అదే పెళ్లి, అదే షేర్వానీ. చెమటకి తడిసినా ఉతకడానికి లేదు, కంటిన్యుటీ పోతుంది, అంటే ముందు తీసిన షాట్‌తో పొంతన కుదరదు. ఆడవాళ్ల ఖర్చయితే చెప్పక్కర్లేదు. కట్టిన చీర పది రోజుల్లో మళ్లీ కట్టుకొస్తే ఛానల్ నుంచి ఫోన్ వచ్చేది. అత్త పాత్రలు వేసే ఒకావిడ రెండు సూట్‌కేసుల మీద రెండు సీరియళ్ల పేర్లు మార్కర్‌తో రాసి పెట్టుకునేది, ఈ అత్త చీర ఆ అత్త కట్టుకోకుండా.

ఇక సినిమాల్లోకి దారి. ‘సీరియల్ వాళ్లకి ఓవర్ యాక్షన్ అలవాటైపోతుంది, అందుకే సినిమావాళ్లు తీసుకోరు’ అని అందరూ అనే మాట. నాకైతే అది సగం అబద్ధం అనిపిస్తుంది. ఒకే ముఖాన్ని మూడుసార్లు జూమ్ చేసి ఉరుము శబ్దం వేసేది ఎడిటర్, నటుడు కాదు. అసలు అడ్డం డేట్లు. సీరియల్ లీడ్ అంటే నెలలో సగం రోజులకి పైనే సెట్‌లో ఉండాలి, ఏ రోజులో కూడా ముందు రోజు రాత్రే తెలుస్తుంది. సినిమా మేనేజర్ ఫోన్ చేసి ‘వైజాగ్‌లో నాలుగు రోజులు, ఎల్లుండి నుంచి’ అంటాడు. ఆ నాలుగు రోజులు దొరకవు. రెండుసార్లు కుదరదంటే మూడోసారి ఆ ఫోన్ రాదు.

రెండో అడ్డం, పేరు పాత్రకి వస్తుంది, మనిషికి రాదు. ‘కార్తీక దీపం’ చూసే ఇంట్లో వంటలక్క ఎవరో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. ప్రేమి విశ్వనాథ్ అంటే ఎవరని అడగండి, ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆవిడ 2023లో ‘కస్టడీ’ సినిమాలో కనిపించినప్పుడు మా ఇంట్లో అమ్మ అన్న మాట ‘అదుగో వంటలక్క’ అనే. ‘మొగలిరేకులు’లో ఆర్కే నాయుడుగా చేసిన సాగర్‌ది కూడా అదే కథ. ఊరూరా అభిమానులు, ఆ తర్వాత హీరోగా సినిమాలు, 2021లో ‘షాదీ ముబారక్’. అప్పటికీ వార్తల్లో పేరు ముందు ‘మొగలిరేకులు ఫేం’ అని తగిలించేవాళ్లు. పైగా మన సీరియళ్లలో చాలామంది లీడ్‌లు బెంగళూరు నుంచి వస్తారు, గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. నేను ‘నువ్వు నన్ను మోసం చేశావు’ అని చదివితే అర్థం అడక్కుండా అదే పలికి, కట్ చెప్పగానే నావైపు తిరిగి ‘ఏడవాలా, కోప్పడాలా?’ అని కన్నడంలో అడిగిన హీరోయిన్ ఉంది. మంచి పిల్ల. ఆరు నెలల్లో తెలుగు నేర్చుకుని నా ఉచ్చారణలోనే తప్పులు పట్టింది.

క్యారెక్టర్ ఆర్టిస్టులకి సినిమాలు కాస్త సులువు, రెండు మూడు రోజుల పని కాబట్టి. అయినా అందరికీ కుదరదు. మా సెట్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరం బాబాయ్ అనేవాళ్లం. తెనాలి వైపు మనిషి, పరిషత్తు నాటకాలాడి వచ్చాడు. హీరోయిన్ తండ్రి పాత్ర. మూడేళ్లు, నెలకి పన్నెండు పదమూడు రోజులు పని. పైన చెప్పిన ఆ వైజాగ్ ఫోన్ వచ్చింది ఆయనకే. పేరున్న డైరెక్టర్ సినిమా. మా ప్రొడక్షన్ వాళ్లు వదల్లేదు, ‘మీరు లేకపోతే ట్రాక్ ఆగిపోతుంది బాబాయ్’ అన్నారు. ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను.

తర్వాత అయిదు నెలలకేమో, మధ్యాహ్నం భోజనాల దగ్గరికి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు వచ్చి ‘బాబాయ్, మీ ఫొటో ఒకటి వాట్సాప్ చెయ్యండి. కొంచెం నవ్వుతున్నది’ అన్నాడు. బాబాయ్ పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ‘దండ ఎప్పుడురా?’ అని అడిగాడు. ఆ కుర్రాడు బిత్తరపోయి నావైపు చూశాడు. నాకు పొద్దున్నే తెలుసు. సీన్ పేపర్ అప్పటికే వచ్చింది. టీఆర్పీలు గురువారం వస్తాయి. వరసగా మూడు గురువారాలు మా నంబర్ పడిపోయింది, ఛానల్ ఏదైనా ఎమోషనల్‌గా చెయ్యమంది. అందరికంటే తేలిగ్గా పోయే పాత్ర తండ్రి. గుండెపోటు.

ఆ సీన్‌కి ప్రాంప్టింగ్ నేనే. ‘అమ్మాయి జాగ్రత్త అల్లుడూ’ అని ఒకే ఒక్క లైను. నేను అలవాటు కొద్దీ గబగబా చదివేశాను. బాబాయ్ పడుకునే ‘మెల్లగా చదవరా, తర్వాత లైను లేదు కదా’ అన్నాడు. యూనిట్ అంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. ఆ ఫొటో హాల్లో గోడ మీద దాదాపు ఏడాది వేలాడింది. కూతురు ఏడవాలన్నా, అల్లుడు ఒట్టు పెట్టుకోవాలన్నా దాని ముందుకే వచ్చేవాళ్లు. మూడేళ్లలో ఎప్పుడూ పడనన్ని క్లోజప్‌లు ఆయనకి అప్పుడు పడ్డాయి. పర్ డే మాత్రం పడలేదు.

అందుకని మీ తమ్ముడికి నా సలహా. ఉద్యోగం ఇప్పుడే మానొద్దనండి. కోట శ్రీనివాసరావు 1978లో ‘ప్రాణం ఖరీదు’తో సినిమాల్లోకి వచ్చేటప్పటికి బ్యాంకు ఉద్యోగి, వెంటనే ఉద్యోగం వదల్లేదు. బ్రహ్మానందం అత్తిలిలో లెక్చరర్‌గా ఉండగానే ఈ రంగంలో అడుగుపెట్టారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి సెలవులు దొరకడం కష్టమే, కానీ హీరో తమ్ముడి పాత్రకి మొదట్లో నెలకి ఆరేడు రోజుల కంటే పడవు. ఆఫీసు వాళ్లు ఇంటి నుంచి పని ఒప్పుకుంటే ఒక ఆరు నెలలు రెండూ లాగొచ్చు. అగ్రిమెంట్‌లో నెలకి కనీసం ఎన్ని రోజులో రాయించుకోవాలి. రాయమని మాత్రం సంతకం పెట్టే ముందే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడగాలి. అది ఉంటే పిలవకపోయినా అన్ని రోజులకి వాళ్లు డబ్బులివ్వాలి. సినిమాకి డేట్లు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెబితే వదులుతారో కూడా అందులోనే ఉండాలి. కొత్తవాడికి ఇవన్నీ ఇస్తారా అంటే, అన్నీ ఇవ్వరు. అడిగితే ఒకటైనా ఇస్తారు.

సినిమానే లక్ష్యమైతే సీరియల్ ఒక్కటే నిచ్చెన అనుకోవద్దనండి. ‘జబర్దస్త్’లో స్కిట్లు చేసిన వేణు యెల్దండి 2023లో ‘బలగం’కి దర్శకుడయ్యాడు. టీవీలో కనిపించినందుకు ఎవరో పిలిచి ఇచ్చిన వేషం కాదది, కథ పట్టుకుని తనే తిరిగాడు. మీవాడికి రాయడమో, ఎడిటింగో ఏదైనా వస్తే అది వదులుకోవద్దు.

బాబాయ్ ఇప్పుడు సినిమాల్లో చిన్న వేషాలు వేస్తున్నాడు. డేట్లన్నీ ఖాళీయే కదా మరి. మొన్న యూసఫ్‌గూడలో కనిపించాడు. సీరియల్ ముగిశాక సెట్టు విప్పేటప్పుడు ఆర్ట్ కుర్రాడు ఆ ఫొటో తెచ్చి ఇచ్చాడట. మంచి ఫ్రేమ్, బాగా వచ్చిన ఫొటో. పిన్ని గడప దాటనివ్వలేదు, దండ మేకు ఇంకా దానికే ఉంది మరి. మూడు నెలలుగా స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నానని చెప్పి, ‘నీ రూమ్‌లో గోడ ఖాళీగా ఉందేంట్రా?’ అని అడిగాడు.