సినిమా అయ్యాక "నీతి ఏంటి?" అని అడగకండి

పిల్లలతో కూర్చుని చూసిన యానిమేషన్ సినిమాల గురించి రాయమని కిందటి సంచికలో అడిగాం కదా, చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కథలు కొంచెం బయటపెట్టక తప్పలేదు, చూడనివాళ్ళు ముందు సినిమా చూసి తర్వాత చదువుకోండి.

మా బాబుకి ఎనిమిదేళ్ళు. ఏ సినిమా చూసినా అయిపోగానే "ఇందులో నీతి ఏంటి నాన్నా?" అని అడుగుతాను. "ఏమో" అంటాడు, లేకపోతే ప్రతి సినిమాకీ "మంచిగా ఉండాలి" అని ఒకటే మాట చెప్తాడు. రెండు గంటలు కళ్ళార్పకుండా చూస్తాడు కదా, బుర్రకి ఏమీ ఎక్కట్లేదా? – ఒక తండ్రి, విజయవాడ

ఎక్కుతుందండీ. కాకపోతే మీరడిగే ప్రశ్నకి జవాబులా బయటికి రాదు. "నీతి ఏంటి" అనగానే వాడికి అది తెలుగు వాచకంలో పాఠం చివర వచ్చే ప్రశ్న అయిపోతుంది, పరీక్షలో ఏం రాస్తే మార్కులు పడతాయో అదే మీకూ చెప్తున్నాడు.

'ఫైండింగ్ నీమో' (2003) చూశారా? అందులో నాన్న చేప మార్లిన్, సినిమా మొదలైన కాసేపటికే భార్యని, వందల గుడ్లని ఒక పెద్ద చేపకి పోగొట్టుకుంటాడు, ఒక్క గుడ్డు మిగులుతుంది, అదే నీమో. వాడికి ఒక రెక్క పుట్టుకతోనే చిన్నది. అందుకని ఆ తండ్రికి ప్రతిదీ భయమే, కొడుకుని బడికి పంపాలన్నా భయమే. మొదటి రోజు బడి దాకా వెంటపడి వచ్చి అందరి ముందూ అరిచేసరికి, రోషంతో నీమో పైకి ఈది పడవని ముట్టుకుని వస్తాడు, ఈతగాడి వలలో పడతాడు. మా అమ్మాయి ఒకటో క్లాసులో ఉన్నప్పుడు కలిసి చూశాం. ఆ సీను రాగానే నేను కూడా మీలాగే "చూశావా, నాన్న మాట వినకపోతే ఏమైందో" అన్నాను. తను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర బ్యాగు నా చేతిలోంచి తీసుకుని "అమ్మా, నువ్వు ఇంక వెళ్ళు, నీమో వాళ్ళ నాన్నలా చూస్తూ నిలబడకు" అంది. నేను చెప్పిన నీతి తన చెవికే ఎక్కలేదు, తనకి కావలసింది తను తీసుకుంది, అదే ఆ సినిమాకి దగ్గరగా ఉంది కూడా.

ఎందుకంటే ఆ సినిమాలో అసలు పాఠం నీమోకి కాదు, తండ్రికి. చివర్లో వల సీను ఒకసారి మళ్ళీ చూడండి. సముద్రమంతా ఈది కొడుకుని అప్పుడే కళ్ళారా చూసుకున్నాడు, ఇంతలో స్నేహితురాలు డోరీ బోలెడన్ని చేపలతో పాటు పెద్ద వలలో ఇరుక్కుంటుంది. "నేను లోపలికి వెళ్ళి అందర్నీ ఒక్కసారిగా కిందికి ఈదమని చెప్తాను, నా వల్ల అవుతుంది" అంటాడు నీమో. ఆ క్షణంలో మార్లిన్ మొహం చూడండి, రెక్కలతో కొడుకుని పట్టుకుని ఉంటాడు, వదలాలా వద్దా, చివరికి వదులుతాడు. చేపలన్నీ కలిసి కిందికి లాగితే వల తెగిపోతుంది. పిల్లల సినిమా అని పేరే గానీ, ఇలాంటివాటిలో సగం మనకోసమే తీసినవి.

కాబట్టి ఇకనుంచి ప్రశ్న అడగకండి, మీ మాట మీరు చెప్పండి. "ఆ వల దగ్గర నాకు గుండె ఆగినంత పనైందిరా" అని ఊరుకోండి. వాడు అప్పుడే ఏమీ అనకపోవచ్చు. రెండు రోజులయ్యాక బండి మీద మీ వెనక కూర్చునో, స్నానం చేస్తూనో ఏదో ఒకటి అంటాడు, అప్పుడు ఫోను పక్కన పెట్టి వినండి.

మా పాపకి ఐదేళ్ళు. 'ది లయన్ కింగ్'లో తండ్రి సింహం ముఫాసా చచ్చిపోయే సీను చూసి వెక్కివెక్కి ఏడ్చింది, ఆ రాత్రి నన్ను వదలకుండా పట్టుకుని పడుకుంది. అసలు పిల్లల సినిమాల్లో అమ్మానాన్నల్ని ఎందుకు చంపుతారు? ఇవి చూపించడం మానెయ్యాలా? – ఒక అమ్మ, ఖమ్మం

మీరు గమనించింది నిజమే. 1942లో వచ్చిన 'బాంబి'లో తల్లి జింకని వేటగాడు కాల్చేస్తాడు, 1994లో ముఫాసా, నీమో వాళ్ళమ్మ సంగతి పైన చెప్పాను, 'ఫ్రోజెన్' (2013)లో ఎల్సా, అన్నాల తల్లిదండ్రులు ఓడ మునిగి పోతారు. ఇందులో కొంత కథ చెప్పేవాళ్ళ అవసరం ఉంది. అమ్మానాన్న పక్కనే ఉంటే పిల్లవాడికి వచ్చిన కష్టం వాళ్ళే తీర్చేస్తారు, ఇక వాడు గడప దాటేదెప్పుడు? మన కథల్లోనూ అంతే కదా. తండ్రి ఒళ్ళో కూర్చోబోతే సవతి తల్లి సురుచి మాటలతో పొడిచిన తర్వాతే ఐదేళ్ళ ధ్రువుడు అడవికి బయల్దేరాడు.

అయితే అది ఒక్కటే కారణం అనుకోను. ఐదారేళ్ళకి దాదాపు ప్రతి పిల్లకీ "అమ్మ చచ్చిపోతే నేనేమవుతాను" అన్న భయం ఎక్కడినుంచో వచ్చి పడుతుంది, దాన్ని పైకి అనడానికి మాటలుండవు. కొడుకు సింబా వచ్చి తండ్రి చెవి పట్టి లాగి, ఇంటికి పోదాం లెమ్మని బతిమాలి, లేవకపోతే ఆ చెయ్యి కింద దూరి పడుకుంటాడే, ఆ సీను మీ పాప మనసులో ఉన్నదాన్నే తెర మీద చూపించింది. ఆ రాత్రి మిమ్మల్ని పట్టుకుని పడుకోవడం ఆ ప్రశ్న అడగడమే. "ఏడవకు, ఉత్తి బొమ్మలే కదా" అని మాత్రం అనకండి. దగ్గరికి తీసుకుని "భయమేసిందా, నాకూ ఏడుపొచ్చింది" అనండి చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. ముఫాసా ప్రాణం తీసిన తొక్కిసలాట అయిపోయాక బాబాయి స్కార్ వచ్చి ఇదంతా నీ వల్లే జరిగిందని ఆ చిన్నవాడికి నమ్మబలుకుతాడు. సింబా పారిపోయింది హైనాల భయానికే కాదు, ఆ మాటకి కూడా. ఇంట్లో గొడవ అయినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా పిల్లలు తమ వల్లే అయిందేమో అని లోపల్లోపల కుమిలిపోతుంటారు, మనకి తెలియనే తెలియదు. "సింబా తప్పేమీ లేదు కదా, వాళ్ళ బాబాయి అబద్ధం చెప్పాడు" అని పాపతో గట్టిగా ఒకసారి అనండి. ఆ మాట పిల్లలు పెద్దవాళ్ళ నోటినుంచి వినాలి.

మానెయ్యక్కర్లేదు, కొన్నాళ్ళు ఆగండి. ఇంట్లో ఈ మధ్యనే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఇంకొంత కాలం ఆగడమే నయం. మళ్ళీ చూసేటప్పుడు టీవీ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోకుండా పక్కన కూర్చోండి.

మా చెల్లి ఒకటే సినిమా ఇప్పటికి ముప్పైసార్లు చూసింది, డైలాగులన్నీ కంఠతా వచ్చు. ఆపేదెలా? – ఒక అక్క, గుంటూరు

ఆపకండి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన చోట భయపడటం పిల్లలకి హాయిగా ఉంటుంది, ఆ భయం వాళ్ళ చేతిలో ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు అమ్మమ్మని ఒకే కథ మళ్ళీ మళ్ళీ చెప్పమనేవాళ్ళం కదా, ఒక్క మాట మారిస్తే ఒప్పుకునేవాళ్ళమా? ఇదీ అంతే. నిద్రా భోజనం చెడకుండా చూసుకోండి.

నాకు పదమూడేళ్ళు. 'ఇన్‌సైడ్ అవుట్ 2'లో రైలీ అనే అమ్మాయి తల లోపల ఆమె భావాలే పాత్రలుగా ఉంటాయి కదా, వాటిలో యాంగ్జైటీ (ఆందోళన) అచ్చం నాలాగే ఉందనిపించింది. పరీక్షలప్పుడు నాకూ ఊపిరాడనట్టు ఉంటుంది. మా అమ్మతో చెప్తే "ఈ వయసులో నీకేం టెన్షన్, తిని చదువుకోవడమేగా" అంది. – ఎనిమిదో తరగతి అమ్మాయి, కరీంనగర్

నీకు వచ్చేది నిజమైన టెన్షనే తల్లీ, నువ్వు కల్పించుకున్నది కాదు. ఆ సినిమా (2024) ఇంతమందికి నచ్చింది కూడా అందుకే. రైలీకి నీ వయసే, హాకీ క్యాంపుకి వెళ్తుంది, ప్రాణ స్నేహితురాళ్ళిద్దరూ వచ్చే ఏడాది వేరే స్కూలుకి పోతున్నారని దారిలో తెలుస్తుంది. ఇక అక్కణ్ణుంచి యాంగ్జైటీ పగ్గాలు లాక్కుంటుంది, రాబోయే ప్రతి ప్రమాదాన్నీ ముందే ఊహించి రైలీని కాపాడాలని. దానికి రైలీ మీద ప్రేమే, అది గుర్తుపెట్టుకో. కానీ చివరికి "నేను పనికిరాను" అన్న ఒక్క మాటే ఆ పిల్ల లోపల మోగుతూ ఉంటుంది. ఆట మధ్యలో పక్కన కూర్చోబెట్టినప్పుడు రైలీకి గుండె దడదడలాడి ఊపిరి అందదు, ఆ సమయంలో తల లోపల యాంగ్జైటీ సుడిగాలిలా తిరుగుతూ, చేతులు వెనక్కి తీయలేక, కంట్లో నీళ్ళతో బిగుసుకుపోయి ఉంటుంది. ఆపాలని దానికీ ఉంది, చేతకావట్లేదు.

రైలీ ఎలా తేరుకుందో చూశావుగా, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటుంది, కూర్చున్న బల్లని చేత్తో తడుముతుంది, చుట్టూ ఉన్న వెలుగుని, చప్పుళ్ళని పట్టించుకుంటుంది. నువ్వూ అలాగే చేసి చూడు, కాళ్ళు నేల మీద గట్టిగా ఆనించి, చేతికి తగిలేదాన్ని పట్టుకుని, ఊపిరి మెల్లగా వదులు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం స్కూల్లో నీకు నమ్మకమున్న టీచరుకి చెప్పు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఇంట్లో అడుగు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆ సినిమా చివర్లో యాంగ్జైటీని బయటికి గెంటెయ్యరు, ఒక కుర్చీ వేసి కూర్చోబెడతారు. నాకు బాగా నచ్చింది అదే.

ఇది మీ అమ్మకి చూపించు, ఇక్కణ్ణుంచి ఆవిడకి రాస్తున్నాను. అమ్మా, 2015లో వచ్చిన మొదటి భాగం మీ అమ్మాయితో కలిసి చూడండి. పదకొండేళ్ళ రైలీ మిన్నెసోటా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మారుతుంది, నాన్న ఉద్యోగం ఒత్తిడిలో ఉంటే అమ్మ కూతురితో, నువ్వు నవ్వుతూ ఉంటే నాన్నకి సాయంగా ఉంటుంది అంటుంది. పాపం ఆవిడ మంచికే అంది. ఆ మాట దగ్గరే పిల్ల నోరు మూతపడింది. అందులోనే బింగ్ బాంగ్ అని రైలీ చిన్నప్పుడు ఊహించుకున్న నేస్తం ఒకడుంటాడు, వాడి బండిని ఎత్తుకెళ్ళి చెత్తలో పారేస్తారు. జాయ్ (సంతోషం) చక్కిలిగింతలు పెడుతుంది, కోతి మొహాలు పెడుతుంది, ఏం చేసినా వాడు లేవడు. శాడ్‌నెస్ (విచారం) వచ్చి పక్కన కూర్చుని "నీకిష్టమైనదాన్ని తీసుకెళ్ళిపోయారు కదా" అంటుంది, అంతే. వాడు దాన్ని పట్టుకుని భోరున ఏడుస్తాడు, కళ్ళలోంచి మిఠాయిలు రాలుతాయి, తర్వాత తనే లేచి పదండి అంటాడు. మీ అమ్మాయి మీ దగ్గరికి వచ్చింది జాయ్ కోసం కాదమ్మా.

డల్లాస్‌లో ఉంటాం. పిల్లలకి ఇంగ్లీషులోనే చూపించాలా, తెలుగు డబ్బింగ్ చూపించాలా? – ఒక అమ్మ

మొదటిసారి వాళ్ళకి సులువైన భాషలో చూడనివ్వండి, రెండోసారి తెలుగులో పెట్టండి. కథ తెలిసిపోయి ఉంటుంది కాబట్టి మాటలు వాటంతటవే అర్థమవుతాయి. 2019 'లయన్ కింగ్'కి నాని సింబాకి, జగపతిబాబు స్కార్‌కి గొంతునిచ్చారు, 2024 'ముఫాసా'కి మహేష్‌బాబు. 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకి నిత్యామీనన్, చిన్ననాటి ఎల్సాకి మహేష్ కూతురు సితార చెప్పారు. ఇంకో లాభం కూడా ఉంది, మీ అత్తగారో అమ్మగారో వచ్చి ఉన్నప్పుడు మనవలతో సమానంగా కూర్చుని నవ్వగలుగుతారు, మధ్యలో ఎవరూ తర్జుమా చెప్పనక్కర్లేదు.

మా మనుమడు 'కోకో' అనే సినిమా పెట్టి నన్ను కూసోబెట్టిండు. సచ్చిపోయినోళ్ళ లోకం, అస్థిపంజరాలు, పిల్లలకు ఇదేందని మొదట కోపమొచ్చింది. చివరికి నాకే ఏడుపు ఆగలే. మన పెత్రమాస లెక్కనే ఉందనిపించింది. నేననుకున్నది కరెక్టేనా? – ఒక నాయినమ్మ, వరంగల్

కరెక్టే నాయినమ్మా. అది మెక్సికోవాళ్ళ పండగ, నవంబరు మొదటి రెండు రోజుల్లో చేసుకుంటారు, పోయినవాళ్ళ ఫోటోలు వరసగా పెట్టి, వాళ్ళకిష్టమైన తిండి పెట్టి, బంతిపూలు పరుస్తారు. సినిమాలో (2017) ఆ లోకానికీ ఈ లోకానికీ మధ్య వంతెన కూడా బంతిరేకులదే. మన బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు అసలు పుట్టిల్లు కూడా ఆ దేశాల వైపే. మీరు పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యమిస్తారు, వాళ్ళు ఫోటో పెడతారు. బతికున్నవాళ్ళలో ఒక్కరైనా తలుచుకునేదాకే పోయినవాళ్ళు ఆ లోకంలో నిలుస్తారని ఆ కథ.

చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన మిగుయెల్‌కి పాటంటే ప్రాణం, ఆ ఇంట్లో పాట నిషేధం, ఎప్పుడో ఒకాయన పాట కోసం భార్యాబిడ్డల్ని వదిలి వెళ్ళాడని. ఆయన ఎందుకు తిరిగి రాలేదో ఎవరూ కనుక్కోలేదు, ఫోటోలో ఆయన తల చింపేశారు. కోపం తరాల తరబడి పిల్లలకి దిగుతూ వచ్చింది, కారణం మాత్రం మధ్యలో ఎక్కడో పోయింది. మన ఇళ్ళల్లో లేదా ఇది? ఫలానా వాళ్ళింటికి పోవద్దంటారు, ఎందుకో చెప్పేవాళ్ళుండరు.

మీకు ఏడుపొచ్చింది ఆ చివరి సీను దగ్గరే అయ్యుంటుంది. ముడతలు పడి, ఎవర్నీ గుర్తుపట్టకుండా కుర్చీలో కూర్చున్న ముసలమ్మ కోకో, అంటే ఆయన వదిలి వెళ్ళిన కూతురి ముందు, ఆమె చిన్నప్పుడు ఆమె నాన్న పాడిన పాటని మిగుయెల్ ఎత్తుకుంటాడు. ముందు ఆమె వేలు కదులుతుంది, తర్వాత పెదవులు, తర్వాత గొంతు కలుపుతుంది. దాచుకున్న ఉత్తరాలూ, చింపిన ఫోటో ముక్కా సొరుగులోంచి తీసిస్తుంది.

మీ మనుమడు మిమ్మల్నే పిలిచి చూపించాడంటే వాడికి మీ దగ్గర ఏదో అడగాలని ఉంది. ఇనప్పెట్టెలోనో బీరువా పైనో పాత ఫోటోలు ఉంటాయి కదా, ఒక రోజు మధ్యాహ్నం అవి కిందికి దించి వాడితో కలిసి చూడండి. మీ అమ్మ ఏం కూర బాగా వండేది, మీ నాయిన ఎట్ల నవ్వేవాడు, ఎవరితో ఎందుకు మాటలు లేవు, అన్నీ చెప్పండి. ప్రతి ఫోటో వెనక వాడితోనే పేరు రాయించండి, ఎవరి పెళ్ళిలో తీసిందో కూడా.