టీవీలో మ్యూజిక్ ఛానళ్లు ఇంకా ఎవరు చూస్తున్నారు? ఒకప్పుడు పాటలు వేసినవాడి జవాబు

మీరు అడిగింది ఇది: "యూట్యూబ్‌లో కోరిన పాట క్షణంలో దొరుకుతుంటే టీవీలో మ్యూజిక్ ఛానళ్లు ఇంకా ఎవరు చూస్తున్నారు? అసలు అవి జనాన్ని ఎలా కూర్చోబెడతాయి?"

ప్రశ్నలోనే ఒక పొరపాటుందండి. మ్యూజిక్ ఛానల్ ఎవర్నీ కూర్చోబెట్టదు. కూర్చుని చూసేవాళ్లు సీరియళ్లకీ, క్రికెట్‌కీ ఉంటారు. పాటల ఛానల్ పెట్టుకునేవాళ్లు ఏదో ఒక పనిలో ఉంటారు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, గీతలు పడ్డ ఒక సీడీ నేర్పింది.

2002లో నేను రేపల్లెలో డిగ్రీ రెండో ఏడు. (అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల.) సాయంత్రాలు ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర కంట్రోల్ రూమ్‌లో పనిచేసేవాణ్ణి. నెలకి 800 రూపాయలు, మా ఇంటికి కేబుల్ ఫ్రీ. కంట్రోల్ రూమ్ అనగానే ఏదో ఊహించుకోకండి. బియ్యం గోడౌను మీద ఒక చిన్న గది. ఇనుప ర్యాకులో వేడెక్కిపోయే పెట్టెలు, రెండు వీసీడీ ప్లేయర్లు, ఒక చిన్న టీవీ, ఒక ల్యాండ్‌లైను, స్క్రోలింగు కొట్టడానికి ఒక పాత కంప్యూటరు. ఉన్న ఒక్క ఫ్యానూ మా వైపు కాదు, పెట్టెల వైపు తిప్పి ఉండేది. చెమటకి మనం చావం, అవి చస్తాయి అనేవాడు మా ఓనరు.

అప్పట్లో ప్రతి ఊళ్లో కేబుల్ వాళ్లకి ఒక లోకల్ ఛానల్ ఉండేది కదా, అదే మాదీ. జనం ఫోన్ చేసి పాట అడుగుతారు, మేం వేస్తాం, కింద పట్టీలో వాళ్ల పేరు వస్తుంది. హక్కులు, అనుమతులు అన్న మాట ఆ గదిలో ఎప్పుడూ వినపడలేదు. తప్పే, కాదనను.

మా ఓనరు పదో తరగతి తప్పాడు కానీ జనం సంగతి బాగా తెలిసినవాడు. పొద్దున సుప్రభాతం, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శనివారం వెంకటేశ్వరస్వామి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా మెలోడీలు, ఎందుకంటే అది వంటిళ్లలో పని జరిగే టైము. కాలేజీలు వదిలాక మాస్ పాటలు. రాత్రి తొమ్మిది దాటితే పాత బ్లాక్ అండ్ వైట్ డ్యూయెట్లు, షాపులు కట్టేసి ఇంటికొచ్చిన పెద్దవాళ్ల కోసం. ఇదంతా ఒక పాత డైరీలో రాసిపెట్టాడు. ఆ తర్వాత జెమినీ మ్యూజిక్, మా మ్యూజిక్ లాంటి పెద్ద ఛానళ్లు చూసినప్పుడు కూడా నాకు ఆ డైరీయే కనిపించేది.

ఆయన నేర్పిన ఇంకో కిటుకు: "అడిగిన పాట అడగ్గానే వెయ్యకూడదురా. వేస్తే విని కట్టేస్తారు." అందుకని "వస్తుందండీ, చూస్తూ ఉండండి" అని చెప్పి, మధ్యలో మూడు వేరే పాటలూ, బట్టల షాపు ప్రకటనా వేసి అప్పుడు వేసేవాళ్లం. ఇప్పుడు ఛానళ్లు "తర్వాతి పాట" అని మూలన చూపించి ముందు ప్రకటనలు వదలడం ఇదే.

ఇక సీడీ సంగతి. శ్రావణమాసం, సాయంత్రం ఐదున్నర. పన్నెండు పాటల సీడీ ఒకటి పెట్టి, ఎదురుగా బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తుంటే కిందికి దిగాను. అక్కడ గుంపు. వాయి దిగేదాకా ఆగాలి, దిగాక ఉల్లిపాయలు కొయ్యాలి. ఇరవై నిమిషాలైంది. పైకి ఎక్కుతుంటే మెట్ల మీదికే ఫోను మోత వినిపించింది. లోపల టీవీలో హీరో కుడిచెయ్యి గాల్లోకెత్తి నిలబడ్డాడు. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఉంది. పాటలో ఒకే ఒక్క ముక్క, "నా... నా... నా..." అంటూ కొట్టుకుంటోంది.

సీడీ ఆపే ముందు ఫోనెత్తాను, అది మోగుతుంటే ఇంకేమీ తోచలేదు. మొదటిది బస్టాండు దగ్గర కూల్‌డ్రింక్ షాపు. రెండోది సెలూన్ ఆయన, "ఏందయ్యా ఇది, కస్టమర్ గడ్డం సగంలో ఉంది, ఈ మోతకి చెయ్యి ఆడట్లా" అని. తర్వాత ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఆయా. తర్వాత ఎవరో కుర్రాడు, "అన్నా, ఇది కొత్త రీమిక్సా? బాగుంది" అన్నాడు. (రీమిక్సుల పిచ్చి మంచి జోరు మీదున్న రోజులు, వాణ్ణి ఏమీ అనలేం.) తర్వాత ఒక మామ్మగారు. ఆవిడ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "బాబూ, ఆ పిల్లాడు ఎంతసేపని చెయ్యి అట్టా ఎత్తి నిలబడతాడు, దించమని చెప్పు నాయనా."

ఆఖరున మా వీధి టైలర్ బాబాయ్. ఆయన తిట్టలేదు. "అబ్బాయ్, నా లెక్క తప్పింది" అన్నాడు. ఏం లెక్క అంటే, జాకెట్టుకి హెమ్మింగూ హుక్సులూ నాలుగు పాటలట. ఐదో పాట మొదలయ్యేసరికి ఇంకా అదే జాకెట్టు చేతిలో ఉంటే పని నిదానించిందని అర్థం. శ్రావణమాసం పెళ్లిళ్ల సీజను, గోడ గడియారం వంక తలెత్తి చూసే తీరిక లేదు, అందుకని పాటలే గడియారం.

ఆ రాత్రి ఓనరు చేత తిట్లు తిన్నాక పడుకుని ఆలోచించాను. మా కేబుల్‌లో అప్పటికే అరవై డెబ్బై ఛానళ్లు ఉన్నాయి. పాట ఇరుక్కుంటే రిమోట్ నొక్కితే పోయేది. ఇంతమంది అంత శ్రమపడి ఫోను ఎందుకు చేశారు? రిమోట్ నొక్కడానికి చేతులు ఖాళీగా లేవు. ఒకరి చేతిలో కత్తి, ఒకరి చేతిలో సూది, ఒకరి చేతికి సబ్బు. నొక్కినా అవతల ఉన్నది వార్తలో సీరియలో, వాటిని తలెత్తి చూడాలి. చివరికి ఫోన్ చేయడానికి పనే ఆపాల్సి వచ్చింది, అందుకే అందరికీ అంత కోపం.

నా సిద్ధాంతం ఇక్కడే పుట్టింది, ఇరవై ఏళ్లు దాటినా మార్చుకోలేదు. పాట వీడియోని మనవాళ్లు చూడరు, మధ్యమధ్యలో తలెత్తుతారు. ఒక్కసారి తలెత్తితే రెండు మూడు క్షణాలు. ఆ క్షణాల్లో తెర మీద ఏదో ఒకటి కంటికి తగలాలి. చరణానికొక చీర ఎందుకు మారుతుంది? పల్లవిలో ఉన్నవాళ్లు చరణానికి స్విట్జర్లాండ్ మంచులో ఎందుకు తేలతారు? పల్లవి వచ్చిన ప్రతిసారీ అదే స్టెప్పు ఎందుకు వేస్తారు? కథ కోసం కాదు. మొదటిసారి తలెత్తనివాడు మూడోసారైనా చూస్తాడని. విమర్శకులు కుర్చీలో కూర్చుని చూసి "లాజిక్ లేదు" అని రాస్తారు. టైలర్ బాబాయ్ దుకాణంలో చూసి రాయమనండి.

ఒకాయన నాతో వాదించాడు, మరి 2011 నవంబరులో వచ్చిన కొలవెరి పాట సంగతేమిటని. అందులో చీరలూ లేవు, మంచూ లేదు. ధనుష్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టూడియోలో నిలబడి పాడతాడు, పక్కన అనిరుధ్, ఇంకో ఇద్దరు ముగ్గురు నవ్వుకుంటూ ఉంటారు, అంతే. దానికి దేశమంతా ఊగింది. నిజమే, అది నా సిద్ధాంతానికి అడ్డొచ్చే పాటే. కానీ నేనంటాను, అక్కడ మనల్ని ఆ గదిలోకి రానిచ్చారు. సినిమా పాటలో హీరో మనకి అందడు, ఇక్కడ పక్కింటి కుర్రాడిలా వచ్చీరాని ఇంగ్లీషులో పాడుతున్నాడు. ఆ పాట తర్వాతే కదా ప్రతి సినిమాకీ స్టూడియోలో గాయకుల్ని చూపించే వీడియోలు ఇంత పెరిగింది. మనం కూడా లోపల ఉన్నామనిపించడం, అది రెండో ఆకర్షణ.

దానికీ మా కంట్రోల్ రూమ్‌లోనే సాక్ష్యం ఉంది. ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి పాట ముఖ్యం కాదు. పట్టీలో పేరు ముఖ్యం. "అక్షరాలు కొంచెం నిదానంగా పరిగెత్తించు తమ్ముడూ, మా ఆవిడ చదవాలి" అనేవాళ్లు. రైల్వేస్టేషన్ దగ్గర టిఫిన్ హోటల్ ఆయన రోజూ నాలుగింటికి ఫోన్ చేసి, ఏ పాటైనా సరే గానీ పేరు పక్కన హోటల్ పేరు కూడా కొట్టమనేవాడు. పాట ఫ్రీ, ప్రకటనకి రోజుకి 50 రూపాయలు. వారం రోజుల్లో మా ఓనరు కనిపెట్టి ఆయన్ని పట్టీ నుంచి బహిష్కరించాడు. ఆ తర్వాత అయ్యగారు వాళ్ల అత్తగారి పేరు మీద ఫోన్ చేయించాడు.

పెద్ద ఛానళ్ల లైవ్ ప్రోగ్రాములు గుర్తున్నాయా? యాంకరమ్మ "హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ? ముందు మీ టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించండి" అనేది. వాల్యూమ్ తగ్గించకపోతే మాటలు రెండేసిసార్లు వినపడి గోల. కానీ ఎవడు తగ్గిస్తాడండీ? తన గొంతు టీవీలో వినడానికే కదా గంటన్నర లైను కోసం ప్రయత్నించింది! తర్వాత ఎస్సెమ్మెస్సులు వచ్చాయి. మామూలు మెసేజ్ కన్నా ఎక్కువ ఛార్జీ పెట్టి "హాయ్ స్వీటీ, మిస్ యూ" అని పంపి, అది తెర కింద కనపడేదాకా ఇంట్లో ఎవర్నీ ఛానల్ మార్చనిచ్చేవాళ్లు కాదు. పైన ఏ పాట నడుస్తోందో వాళ్లలో ఒక్కరికీ తెలిసి ఉండదు.

ఈ మాట చెబితే మా ఆఫీసులో ఒకబ్బాయి "అదంతా ఎంటీవీ దగ్గర నేర్చుకున్నదే సార్" అన్నాడు. కొంతమందికి ప్రతిదీ అమెరికాలో పుట్టాలి. సరే, ఎంటీవీ సంగతే చూద్దాం. 1981 ఆగస్టు 1న మొదలైంది. మొదలైన రాత్రి న్యూయార్క్ మన్‌హాటన్ కేబుల్‌లో అది రావట్లేదు. పాపం దాన్ని తయారుచేసినవాళ్లే నది దాటి న్యూజెర్సీలో ఒక రెస్టారెంటుకి వెళ్లి చూశారు. మరుసటి ఏడు మిక్ జాగర్ లాంటి పాప్ స్టార్ల చేత "ఐ వాంట్ మై ఎంటీవీ" అనిపించి, మీ కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి అడగండి అని ప్రకటనలిచ్చారు. జనం ఫోన్ల మీద ఫోన్లు చేశాక ఆపరేటర్లు దిగొచ్చారు. అంటే అక్కడ కూడా కథ నడిపింది కేబుల్ వాడి గదిలో మోగిన ఫోనే. పైగా వాళ్లు వేసిన వీడియోలు రికార్డు కంపెనీలు ఊరికే ఇచ్చినవి. పాటే పాటకి ప్రకటన, ఆ ప్రకటన మధ్యలో మళ్లీ ప్రకటనలు. మా ఓనరు అమెరికాలో పుట్టి ఉంటే ఎక్కడో ఉండేవాడు.

దూరదర్శన్ శుక్రవారం చిత్రలహరి గురించి రాయమంటారేమో, రాయను. అది ఇప్పటికే అందరూ రాసేశారు.

దాని బదులు నా కడుపుమంట రెండు ముక్కల్లో చెబుతాను. రెండో చరణాన్ని చంపేసినవాళ్లు ఎవరు? ఛానళ్లలో రెండో చరణం మొదలవగానే పాట కోసి ప్రోమో వేస్తారు. రాసినాయన అసలు మాట అక్కడే దాచి ఉంటాడు. ఇక లిరికల్ వీడియోలు. తెలుగు పాట, తెలుగు సినిమా, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. "ళ"కీ "ల"కీ తేడా లేకుండా, ఒత్తులన్నీ మింగేసి, మెరుపుల్లో ఎగరేసి వదులుతారు. మా అమ్మాయి ఆ అక్షరాలు చూసి నేర్చుకున్న పాటలో "కళ్లు" ఏవో, "కల్లు" ఏదో దానికే తెలియదు.

ఇంకోటి, 2019 ఫిబ్రవరిలో కొత్త టారిఫ్ వచ్చింది కదా, 130 రూపాయలకి వంద ఛానళ్లు, పైన పన్ను, పే ఛానళ్లకి మళ్లీ విడిగా డబ్బు. ఆ గందరగోళంలో మా అమ్మ ప్యాకేజీలోంచి పాటల ఛానల్ ఎగిరిపోయింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేను ఊరెళ్లేదాకా నెలన్నర రోజులు రేడియో పెట్టుకుని కూరగాయలు తరుక్కుంది. ఏమ్మా ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటే, "చూసేదాన్నా ఏమన్నానా, ఊరికే మోగుతుంటే బాగుంటుందని" అంది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు మా అమ్మ.

మొన్న సంక్రాంతికి రేపల్లె వెళ్లినప్పుడు టైలర్ బాబాయ్ దుకాణానికి పోయాను. గోడ మీద టీవీ లేదు, మనవరాలికి ఇచ్చేశాడట. ఫోన్‌ని దారం రీళ్ల డబ్బాకి ఆనించి యూట్యూబ్‌లో పాటలు పెట్టుకున్నాడు. పాట అయిపోయి ఏదో లోన్ యాప్ ప్రకటన వచ్చింది. రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి, మిషను తిరుగుతోంది. కుట్టు వదలకుండా వంగి, ముక్కుతో స్కిప్ నొక్కాడు.

"ఆపకుండా వచ్చేది ఏదన్నా పెట్టు అబ్బాయ్, నువ్వు కంట్రోల్ రూమ్ వాడివి కదా" అన్నాడు. మూడు గంటల జ్యూక్‌బాక్స్ ఒకటి వెతికి పెట్టాను. టీ తాగి చెప్పులేసుకుంటుంటే వెనక మళ్లీ ప్రకటన మొదలైంది. తిరిగి చూసేసరికి బాబాయ్ అప్పటికే వంగుతున్నాడు.