మడిచి చూశాకే మిషన్ ఎక్కించండి

ప్రశ్న: మిగిలిపోయిన నూలు బట్ట ముక్కలతో అతుకుల దుప్పటి మొదలుపెట్టాను. కాగితం మీద అచ్చువేసిన నక్షత్రం నమూనా తీసుకుని, గడుల్లో ఇచ్చిన అంకెల వరుసలోనే ముక్కలను ఆ కాగితంతో కలిపి కుడుతున్నాను. అయినా ముక్కను కుట్టి తిప్పేసరికి ఏదో ఒక మూల చాలడం లేదు. విప్పి కుడితే కాగితం చిరుగుతోంది. చివర్లో కాగితం లాగేటప్పుడు కుట్లూ వదులవుతున్నాయి. పీలికలతో ఇది కుదరదా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా కుదురుతుందమ్మా. పాపం, పీలికల తప్పేమీ లేదు. మీరు గడి ఆకారాన్ని చూసి ముక్క కత్తిరిస్తున్నట్టున్నారు. కానీ ఈ పద్ధతిలో ముక్కను బోర్లా పెట్టి కుట్టి, తర్వాత తిప్పుతాం. బందు మీద తలుపు రెక్క తిరిగినట్టు అది రెండు గడుల మధ్య గీత మీద తిరుగుతుంది. గీత ఏటవాలుగా ఉంటే, తిరిగాక ముక్క ఎక్కడ వాలుతుందో కంటితో అంచనా కట్టడం కష్టం. అందుకే అంచనా మానేయండి.

మూడో ముక్క వంతు వచ్చిందనుకుందాం. అచ్చు లేని వైపు మీకు కనబడేలా కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి. పీలిక ముఖం, అంటే పైకి కనిపించాల్సిన వైపు, మీవైపు ఉంచి, చివరికి ఎలా ఉండాలో అలాగే మూడో గడి మీద పరవండి. చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండాలి. మొనదేలిన మూలల దగ్గర అర అంగుళం వదిలినా నేను దుబారా అనను. ఇప్పుడు గీత దాటి రెండో గడి మీదికి వచ్చిన అంచును కిందికి మడిచి గోటితో గట్టిగా రాయండి. ఆ మడత గీత మీంచి జరగకుండా ముక్కను రెండో గడి మీదికి బోర్లా వాల్చి, మడిచిన అంచును విప్పండి. రెండు బట్టల ముఖాలూ ఎదురెదురుగా వస్తాయి. గీత వెంబడి గుండుసూదులు గుచ్చి, ముక్కను ఒకసారి తిప్పి మళ్లీ వెలుతురుకు పట్టి చూడండి. నాలుగు మూలలూ నిండితేనే కాగితం తిరగేసి, అచ్చు గీత మీద కుట్టండి. ముక్కలన్నీ ముందే ఆకారానికి కత్తిరించి పెట్టుకోమని కొందరు చెబుతారు. పీలికలతో పనిచేసేవాళ్లకు అది వృథా శ్రమ.

కుట్టాక కాగితాన్ని ఆ గీత దగ్గర వెనక్కి మడిచి, మిగులు బట్టను పావు అంగుళానికి కత్తిరించి, అప్పుడు ముక్కను తిప్పి ఇస్త్రీ చేయండి. ఆవిరి వద్దు, కాగితం ముడుచుకుంటుంది. అచ్చు రంగు బట్టకు అంటుతుందేమో ఒక పనికిరాని ముక్క మీద ముందే చూసుకోండి.

ఇక కుట్లు వదలడం. మామూలుగా 2.5 మిల్లీమీటర్లు ఉండే కుట్టు పొడవును 1.5కు తగ్గించండి. సూది 90 నంబరుది వేస్తే రంధ్రాలు పెద్దవై కాగితం సులువుగా విడిపోతుంది. అలాగని కుట్టు పొడవును 1కి దింపకండి. కాగితం సగంలోనే ఊడిపోతుంది, విప్పాల్సి వస్తే కళ్లు పోతాయి. గీతకు రెండు మూడు కుట్లు ముందే మొదలుపెట్టి, అవతల రెండు మూడు కుట్లు దాటించండి. వాటి మీదుగా పోయే తర్వాతి కుట్టే వాటిని బిగిస్తుంది. చిరిగిన కాగితానికి టేపు అతికించవచ్చు గానీ, దాని మీద ఇస్త్రీ పెట్టె ఆనించారో, కరిగి అంటుకుంటుంది.

కాగితం తీయడానికి మాత్రం తొందరపడకండి. పీలికల అంచులు ఒక్కోసారి నేతకు ఐమూలగా పడతాయి, అవి లాగితే సాగుతాయి. పక్క బ్లాకులన్నీ (ఇలా ఒక్కో కాగితం మీద కుట్టిన భాగాలు) జోడించేదాకా కాగితమే వాటిని పట్టి ఉంచుతుంది. తర్వాత చివరి అంకె నుంచి వెనక్కి రండి. కుట్టు దగ్గర కాగితాన్ని మడిచి, కుట్టు మీద బొటనవేలు అదిమి, పైకి కాకుండా పక్కకు లాగండి.

మీరు అడగలేదు గానీ, తర్వాత పిట్టో అక్షరమో కుట్టాలనిపిస్తే గుర్తుంచుకోండి: బట్ట అచ్చుకు అవతలి వైపు ఉంటుంది కనుక బొమ్మ ఎడమ కుడిగా మారుతుంది. నక్షత్రానికి చాలాసార్లు ఆ బాధ ఉండదు. లేత రంగు ముక్క కింద ముదురు రంగు అంచు వస్తే మాత్రం, దాన్ని లేత అంచు కంటే ఒక నూలుపోగు తక్కువగా కత్తిరించండి. లేకపోతే పైకి నీడలా కనిపిస్తుంది.