మంట కనిపిస్తున్నా గోల్ఫ్ ఆడేవాళ్ళకి పిచ్చా, ధైర్యమా? ఆడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి

మీరు అడిగింది ఇది: "వెనకాల అడవి తగలబడుతుంటే తాపీగా గోల్ఫ్ ఆడుకుంటున్న ఆస్ట్రేలియా వాళ్ళ ఫోటో చూశాను. వాళ్ళకి పిచ్చా, ధైర్యమా? జనవరిలో ఆఫీసు పని మీద సిడ్నీ వస్తున్నాను, అక్కడి టీమ్ గోల్ఫ్‌కి పిలిచింది. పొగ ఉంటే వెళ్ళొచ్చా?"

ముందు ఆ ఫోటో సంగతి. ముగ్గురు నలుగురు ఆటగాళ్ళు, పచ్చటి గడ్డి, వెనక కొండంతా ఎర్రగా మండుతూ ఉన్న ఫోటోయే అయితే అది ఆస్ట్రేలియా కాదు, అమెరికా. 2017 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రం నార్త్ బానవిల్‌లోని బీకన్ రాక్ గోల్ఫ్ కోర్సులో తీసింది. మంట ఉన్నది కొలంబియా నది అవతలి ఒడ్డున, ఒరెగాన్ వైపు. పదిహేనేళ్ళ కుర్రాడు లోయలోకి విసిరిన టపాకాయతో మొదలై 48 వేల ఎకరాలకు పైగా కాల్చేసిన ఈగల్ క్రీక్ మంట అది. ఫోటో చూసి లోకమంతా వాళ్ళని తిట్టిపోసింది. మధ్యలో అంత పెద్ద నది ఉంది కదా అని వాళ్ళని వెనకేసుకొచ్చినవాళ్ళూ ఉన్నారు. అయితే నిప్పురవ్వలు ఆ నదిని కూడా దాటి వాషింగ్టన్ వైపు ఇంకో మంట రాజేశాయి.

ఇక పిచ్చా, ధైర్యమా అన్నది. రెండూ కాదని చెప్పగలను, ఎందుకంటే నేనూ ఆ పని చేశాను.

2019 డిసెంబర్ మొదటి శనివారం. అప్పటికి నేను సిడ్నీ వచ్చి ఐదేళ్ళు, గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్ళు. వెంట్వర్త్‌విల్‌లో ఉంటాం. గుంటూరు కుర్రాడొకడు, నేను, శనివారం పొద్దున్నే హాక్స్‌బరీ నది వైపు ఒక చిన్న కోర్సుకి వెళ్ళేవాళ్ళం. ఊరికి దూరం కాబట్టి ఫీజు తక్కువ. అక్కడే పరిచయమైన డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన మాతో కలిసి ఆడేవాడు. నది అవతల కొండల వెనక అక్టోబర్ చివర్లో పిడుగు పడి మొదలైన గాస్పర్స్ మౌంటెన్ మంట ఇంకా కాలుతూనే ఉంది. చివరికి అది ఐదు లక్షల హెక్టార్లు దాటింది. కానీ ఆరు వారాలు రోజూ వార్తల్లో వింటే ఎంత పెద్ద మంటైనా పాతబడిపోతుంది. పొగ వాసన మాకు ట్రాఫిక్ లాగా అలవాటైపోయింది. అదే వారాంతం సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఓపెన్ (టెన్నిస్‌ది కాదు, గోల్ఫ్‌ది) కూడా ఆ పొగలోనే జరిగింది, కళ్ళు మండుతున్నాయని పెద్ద పెద్ద ప్రొఫెషనల్సే వాపోయారు. వాళ్ళే ఆడుతున్నారు, మనకేంటి అనుకున్నాం.

ఇంకో కారణం నా ఒక్కడిదే. మాది ఒకప్పటి కర్నూలు జిల్లా ఆత్మకూరు, నల్లమల అంచు. ఎండాకాలం రాత్రుళ్ళు మేడ మీద పడుకుంటే కొండ మీద మంట దీపాల దండలా పాకుతూ కనిపించేది. అది నేల మీది ఎండుటాకుల్ని, గడ్డిని కాల్చుకుంటూ పోయే మంట. మా తాత "తెల్లారేసరికి అదే ఆరిపోద్దిలే" అని అటు తిరిగి పడుకునేవాడు. ఆ ధీమా నాతోపాటే విమానమెక్కి సిడ్నీ వచ్చింది. ఇక్కడ అడవంతా మనం జామాయిల్ అనే చెట్టు, దాని చుట్టాలు. ఆకులో నూనె, కాండం నుంచి రిబ్బన్లలా వేలాడే బెరడు. ఆ బెరడు అంటుకుని గాల్లో లేచిందంటే మంట కంటే ముందే పోయి ఎక్కడో పడుతుంది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో అడవి మంటల్లో 173 మంది చనిపోయిన రోజు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కూడా అలా కొత్త మంటలు లేచాయి. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి.

ఆ రోజు ఏడున్నరకి మొదలుపెట్టాం. గాలి లేదు. సూర్యుడు నేరుగా చూడగలిగేంత మసకగా, నారింజ పండులా ఉన్నాడు. తొమ్మిదో హోల్ గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద నేను పట్టింగ్‌కి, అంటే బంతిని మెల్లగా రంధ్రంలోకి నెట్టడానికి, వంగుతుంటే బంతికి జానెడు దూరంలో ఏదో రాలింది. ఆకు. మొత్తం నల్లగా కాలింది కానీ ఈనెలతో సహా ఆకారం చెక్కుచెదరలేదు. గుంటూరు తమ్ముడు వేలితో తాకాడు, అంతే, పొడి. "అన్నా, ఇది అక్కడి నుంచే వచ్చిందంటావా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే పెద్దాయన, "అది లూజ్ ఇంపెడిమెంట్. తీసెయ్యొచ్చు, పెనాల్టీ లేదు" అన్నాడు. ఆకు, పుల్ల లాంటి ఊడిపడ్డవాటిని గోల్ఫ్‌లో అలా అంటారు, రూల్ ప్రకారం నిజమే. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వుతో ఇంకో నాలుగు హోల్స్ ఆడేశాం.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. "మంట ఉన్నా సరే ఆడదాం" అని ఎవడూ కూర్చుని నిర్ణయించుకోడు. ఈ ఒక్క హోల్ అయ్యాక చూద్దాం అనుకుంటాడు. ముందు గ్రూపు వెళ్తోంది, వెనక గ్రూపు వస్తోంది, ఫీజు కట్టేశాం, స్కోరు బాగుంది (ఆ రోజు నాది నిజంగానే బాగుంది, నాకు అది రోజూ జరిగేది కాదు). పైగా కాళ్ళ కింద పచ్చగడ్డి. చుట్టూ నీళ్ళు పెట్టి కత్తిరించిన పచ్చిక ఉంటే మంట ఇక్కడికెలా వస్తుందిలే అనిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. పొట్టి పచ్చగడ్డి మీద మంట సాగదు, అందుకే కొన్ని ఊళ్ళలో గోల్ఫ్ క్లబ్బుల్ని కూడా 'నైబర్‌హుడ్ సేఫర్ ప్లేస్' జాబితాలో పెడతారు. కాకపోతే అది వేరే దారి లేనప్పుడు తలదాచుకునే చోటు. అక్కడికి చేరితే ప్రాణం దక్కుతుందన్న హామీ కూడా కాదు. ఫెయిర్‌వే, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారి, పచ్చగానే ఉంటుంది, దాని రెండు పక్కలా ఎండిన గడ్డి, జామాయిల్ చెట్ల వరసలు ఉంటాయి కదా.

పన్నెండో హోల్ దగ్గర హెలికాప్టర్ వచ్చింది. కింద బక్కెట్ వేలాడుతోంది. కోర్సు మధ్యలో చెరువు మీద ఆగి నీళ్ళు ముంచుకుని వెళ్ళింది. ఆ గాలికి గడ్డి పడుకుంది, మా టోపీలు ఎగిరాయి. మేం చెట్ల కిందికి జరిగి, అది వెళ్ళాక మళ్ళీ ఆడాం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. మంట ఆర్పేవాళ్ళు మన చెరువులో నీళ్ళు తోడుకుంటుంటే ఎంత దగ్గరుందో అర్థం కావాలి కదా! ఫోన్లు తీసి వీడియో తీశాం.

పద్నాలుగో హోల్. పెద్దాయన వంతు. బంతి ముందు నిలబడి, తలెత్తి వాయవ్యం వైపు చూసి, క్లబ్ తిరిగి బ్యాగులో పెట్టేశాడు. బంతి తీసి జేబులో వేసుకున్నాడు. "మనకి అయిపోయింది" అన్నాడు, అంతే. నేను చూస్తే తేడా ఏమీ కనపడలేదు. ఆయనే చూపించాడు: పొద్దుట్నుంచీ నిటారుగా ఉన్న పొగ స్తంభం ఇప్పుడు మా వైపు వంగింది. పొద్దున ఉన్న నిశ్చలం పోయి వాయవ్య గాలి లేచింది. బగ్గీలో వస్తూ చెప్పాడు, అడవి మంటలార్పే రూరల్ ఫైర్ సర్వీసులో ముప్పై ఏళ్ళు వాలంటీరుగా చేశాడట. ప్రతి షాట్‌కీ ముందు ఆయన పొగనే చూస్తున్నాడు. ఆయన ఆడుతున్నాడు కాబట్టి మేం ఆడాం. మాకు ఆయన చూసేదేంటో తెలియదు, ఆయన ఆడటం మాత్రమే కనిపించింది. ఆ శనివారం ఆయన పంటినొప్పితో ఇంట్లో ఉండిపోయి ఉంటే పద్దెనిమిది హోల్సూ పూర్తి చేసేవాళ్ళమే.

క్లబ్‌హౌస్‌లో అప్పటిదాకా ఎవరూ మాకు ఏమీ చెప్పలేదు. బయటికొస్తే రోడ్డు మీద వరసగా గుర్రాల ట్రెయిలర్లు. ఆ చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు అప్పటికే వాటిని ఎక్కించుకుని ఊళ్ళోకి తరలిస్తున్నారు. గుర్రాలు మాకంటే ముందు బయల్దేరాయి. ఉన్నది ఒకటే రోడ్డు, మామూలుగా పావుగంట పట్టే దూరానికి గంట పైన పట్టింది. మంట ఆ రోజు కోర్సు దాకా రాలేదు. ఇంటికెళ్ళాక రెండు రోజులు దగ్గు వదల్లేదు. మా ఆవిడ ఏమన్నదో ఇక్కడ రాయను.

ఇప్పుడు మీ జనవరి సంగతి. ఫోన్లో 'హజార్డ్స్ నియర్ మీ' యాప్ వేసుకోండి, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వానిది. రోజువారీ మంట ప్రమాద స్థాయి 'మోడరేట్', 'హై', 'ఎక్స్‌ట్రీమ్', 'కెటస్ట్రాఫిక్' అని నాలుగు మెట్లు. చివరి రెండిట్లో ఏదున్నా ఊరి బయటి కోర్సుకి వెళ్ళకండి, పొగ కనిపించినా కనిపించకపోయినా. మంట ఉన్నచోట హెచ్చరికలు వేరేగా ఉంటాయి: 'అడ్వైస్', 'వాచ్ అండ్ యాక్ట్', 'ఎమర్జెన్సీ వార్నింగ్'. రెండోది వచ్చిందంటే బయల్దేరాల్సిన టైమ్ వచ్చిందని. మూడోది వచ్చేదాకా ఆగితే రోడ్డు ఉండకపోవచ్చు. గాలి దిశ మారే టైమ్ కూడా చూడండి. సిడ్నీలో వేడి రోజు సాయంత్రం దక్షిణపు గాలి ఒక్కసారిగా వస్తుంది, చల్లగా హాయిగా ఉంటుంది. కానీ అప్పటిదాకా పొడుగ్గా సాగిన మంటకి అదే పక్క నుంచి తగిలి ఆ పొడుగంతా ముందుకి కదులుతుంది. విక్టోరియాలోనూ 2009లో ఎక్కువ ప్రాణాలు పోయింది అలా గాలి మళ్ళాకే.

ఊరి మధ్య కోర్సైతే మంట భయం తక్కువ, అక్కడ పొగే సమస్య. పద్దెనిమిది హోల్స్ నడిస్తే నాలుగు గంటలు, ఎనిమిది పది కిలోమీటర్లు. అంతసేపూ ఊపిరి గట్టిగా పీలుస్తూనే ఉంటాం. 2019-20 వేసవి మంటల్లో నేరుగా పోయింది 33 మంది, పొగ వల్ల పోయింది 400కి పైనే అని పరిశోధకుల లెక్క. మేం ఆడాక మూడో రోజు, డిసెంబర్ 10న, సిడ్నీలో కొన్నిచోట్ల గాలి 'ప్రమాదకరం' అన్న గీతకి పదకొండు రెట్లు చేరింది, ఆఫీసు బిల్డింగుల్లో ఫైర్ అలారాలు మోగాయి. ఆస్తమా ఉంటే ఆలోచించే పని కూడా లేదు, మానేయండి. మామూలు గుడ్డ మాస్కు ఆ సన్నటి రేణువుల్ని ఆపదు.

బాస్ ఏమనుకుంటాడో అని మాత్రం మొహమాటపడకండి. మన దగ్గరలా ఇక్కడ సాకులు వెతకక్కర్లేదు, "పొగ ఉంది, నేను రాను" అంటే ఎవరూ రెండోసారి అడగరు. వెళ్తే పాలియెస్టర్ టీషర్టు వద్దు, కాటన్ వేసుకోండి. నిప్పురవ్వ పడితే పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. గోల్ఫ్ షాపుల్లో అమ్మేవి చాలావరకు అవే.

ఇంతకీ ఆ మిగిలిన ఐదు హోల్స్. స్కోర్ కార్డు కారులోనే పెట్టుకున్నాను, దాన్ని పూర్తి చేద్దామని పెద్దాయన ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. అంతకుముందే సిడ్నీలో నాలుగు రోజుల్లో 390 మిల్లీమీటర్ల వాన కొట్టింది, గాస్పర్స్ మంట దాంతోనే పూర్తిగా ఆరింది. తమ్ముణ్ణి ఎక్కించుకుని వెళ్ళాను. గేటుకి తాళం, పక్కన చేత్తో రాసిన అట్టముక్క: వరద వల్ల కోర్సు మూసివేయబడింది.