పాటల తరగతి నడపబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య దీవించి వ్రాయునది. మీ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసం వారం వారం జరిగే ఇంగ్లీషు సంభాషణ తరగతిని ఈ సెమిస్టరు నుంచి నువ్వే నడపబోతున్నావనీ, మొదటి నెలలోనే ‘నాకిష్టమైన పాట’ అనే అంశం పెట్టుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే చాలా సంతోషం కలిగింది. అమెరికాలో ఇటువంటి తరగతులను ఊరి గ్రంథాలయంలోనూ, తర్వాత విశ్వవిద్యాలయంలోనూ ఏళ్ల తరబడి నడిపినదాన్ని కాబట్టి, ఈ ఒక్క అంశం గురించి నాకు తెలిసినదంతా నీకు రాసి పంపాలనిపించింది.

పాటల తరగతి అనగానే అందరూ అది తేలికైన తరగతి అనుకుంటారు. ఒకరు లేచి ఐదు నిమిషాల పాట పెడతారు, అందరూ తెర వైపు చూస్తారు, అయిపోగానే చప్పట్లు కొట్టి చాలా బాగుందంటారు, ఆ వెంటనే మరొకరు లేస్తారు. గంటన్నర గడిచేసరికి పన్నెండు పాటలు వినడం పూర్తవుతుంది గాని, ఆ గదిలో ఒక్కరైనా వరుసగా ఆరు వాక్యాలు మాట్లాడి ఉండరు. వాళ్ళు అక్కడికి వచ్చింది మాట్లాడటానికి. పాట వాళ్ళ చేత మాట్లాడించాలి, వాళ్ళ మాటకు అడ్డు పడకూడదు. అందువల్ల ఒక తరగతికి ముగ్గురిని, మరీ తప్పకపోతే నలుగురిని మాత్రమే పెట్టుకో. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు ఇవ్వు. అందులో పాట వినిపించే సమయం నిమిషం, మహా అయితే నిమిషంన్నర దాటకుండా చూడు. పూర్తి పాట వినాలని కోరుకునేవాళ్ళకు తరగతి అయ్యాక లింకు పంపవచ్చు.

ఏ ముక్క వినిపించాలో, అది ఎన్నో నిమిషంలో మొదలవుతుందో వారం ముందే నీకు రాసి పంపమని ఆ ముగ్గురికీ చెప్పు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని నా తరగతిలో ఒకసారి వియత్నాం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తన నాయనమ్మ పొలంలో పాడుకునే పాటను తల వంచుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని పరిచయం చేసి, ఫోను మీద వేలు పెట్టగానే గది దద్దరిల్లేలా కారు బీమా ప్రకటన మోగింది. అందరూ నవ్వారు, ఆ నవ్వులో దురుద్దేశం ఏమీ లేదు. అయినా ఆ అమ్మాయి తర్వాత చెప్పాలనుకున్న నాలుగు మాటలూ చెప్పకుండానే కూర్చుంది. ప్రకటనలు రాకుండా పాటను ముందే సిద్ధం చేసి ఉంచడం, స్పీకరు శబ్దాన్ని ముందే సరిచూసుకోవడం నీ పని, విద్యార్థుల పని కాదు.

ఇక వరుసక్రమం చాలా ముఖ్యం. మామూలుగా విద్యార్థి మొదట పాట గురించి అంతా చెప్పేసి, ఆ తర్వాత వినిపిస్తాడు. అలా చేస్తే వినేవాళ్ళకు మాట్లాడటానికి ఏమీ మిగలదు. ముందు పాట వినిపించి, ఇది సంతోషపు పాటా, దుఃఖపు పాటా, ఎవరు ఎవరితో అంటున్న మాటలు, ఏ పూట పాడుకునేది అని మిగతావాళ్ళను ఊహించమని అడుగు. వాళ్ళ ఊహలన్నీ బల్ల మీదకు వచ్చాకే పాట తెచ్చినవాళ్ళు నోరు విప్పాలి. జపాను విద్యార్థులు అప్పుడప్పుడూ తెచ్చే ఒక పాత పాట ఈ పద్ధతికి చక్కగా సరిపోతుంది. క్యూ సకమోతో పాడిన ఆ పాట 1961లో జపానులో విడుదలైంది. 1963లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే నిలిచింది. పాశ్చాత్య దేశాల్లో దాన్ని అమ్మడానికి, పాటతో ఏ సంబంధమూ లేని సుకియాకీ అనే మాంసపు వంటకం పేరు పెట్టారు. హాయిగా నడిచే బాణీ, మధ్యలో ఈల. విన్నవాళ్ళందరూ అది షికారు పాటో, పిల్లల పాటో అంటారు. కన్నీళ్లు జారిపోకుండా తల పైకెత్తి ఒంటరిగా నడుస్తున్న మనిషి పాట అది అని జపాను విద్యార్థి చెప్పినప్పుడు గదిలో ఒక్కసారిగా మాట పుడుతుంది. అంత ఉల్లాసమైన బాణీ ఎందుకు పెట్టారని ఒకరు అడుగుతారు, మా దేశంలోనూ ఏడుస్తూ చిందులేసే పాటలు ఉన్నాయని ఇంకొకరు అందుకుంటారు. 1960లో అమెరికా-జపాన్ భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ సాగిన ఉద్యమం విఫలమైన నిరాశలోంచి రచయిత దాన్ని రాశారని చెబుతారు. ఆ సంగతి పాట తెచ్చిన విద్యార్థికి తెలిసి ఉంటే చర్చ మరింత లోతుకు పోతుంది. తెలియకపోతే నువ్వు అందించకు. తన పాట గురించి తనకంటే పంతులమ్మకే ఎక్కువ తెలుసని తోచిన క్షణాన ఆ విద్యార్థి మాట ఆగిపోతుంది.

ప్రశ్నల విషయంలో నీకు గట్టిగా చెప్పవలసినది ఒకటుంది. ఈ పాట నీకెందుకు ఇష్టం అని అడగవద్దు. దానికి బాగుంటుంది కాబట్టి అన్న జవాబు తప్ప మరొకటి రాదు. అది వాళ్ళ తప్పు కాదు, మాతృభాషలోనైనా ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం కష్టమే. ప్రతి పంక్తికీ అర్థం చెప్పమని కూడా అడగవద్దు. ఫోనులోని నిఘంటువులో తల దూర్చి పది నిమిషాలు మౌనంగా గడిపేస్తారు. మొదటిసారి ఎవరి నోట విన్నావు, అప్పుడు ఏ ఇంట్లో ఉండేవాళ్ళు, ఈ పాట పెడితే ఇంట్లో ఎవరు విసుక్కునేవాళ్ళు, పెళ్లిలో వినిపించే పాటా, బస్సులో వినిపించే పాటా, ఈ దేశానికి వచ్చాక ఎప్పుడు పెట్టుకుంటున్నావు అని అడుగు. ఇలా అడిగితే మనుషులు, ఇళ్లు, ఊళ్లు బయటకు వస్తాయి, వాటి గురించి చెప్పడానికి ఎవరి దగ్గరైనా ఎంతో కొంత ఇంగ్లీషు ఉంటుంది. అప్పట్లో ఇలా చేసేవాళ్ళం, అమ్మ ఇలా పాడేది అని చెప్పే క్రమంలో, వ్యాకరణ పుస్తకాలు ఎన్ని పేజీలు వెచ్చించినా నోటికి అలవాటు కాని భూతకాలపు వాక్యాలు వాటంతట అవే వస్తాయి. తప్పులు దొర్లితే మధ్యలో ఆపి దిద్దవద్దు. ఒక కాగితం మీద రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో ఎవరి పేరూ చెప్పకుండా రెండో మూడో బోర్డు మీద రాసి చూపించు, అది చాలు.

మాట్లాడనివాళ్ళ సంగతి ఎక్కువ ఆలోచించవలసినది. ప్రతి తరగతిలోనూ కొందరు అన్నీ వింటారు, అన్నిటికీ తల ఊపుతారు, ఒక్క మాటా పలకరు. వాళ్ళను పేరు పెట్టి పిలిచి అందరి ముందు లేపితే తర్వాతి వారం అసలు రారు. మొత్తం తరగతి ముందు మాట్లాడే ముందు అందరినీ ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఒకరి పాట గురించి మరొకరికి చెప్పుకోమను. వేర్వేరు భాషలవాళ్ళను జతపరచు, లేకపోతే ఆ ఐదు నిమిషాలూ సొంత భాషలోనే గడిచిపోతాయి. ఆ తర్వాత తన పాట గురించి కాకుండా, పక్కవాళ్ళ పాట గురించి చెప్పమను. తన గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి కూడా పక్కనున్న బ్రెజిల్ అబ్బాయి గురించి ధైర్యంగా చెబుతాడు, పొరపాటు చెబితే ఆ అబ్బాయి వెంటనే సరిదిద్దుతాడు, అక్కడ నువ్వు కల్పించుకోకుండానే ఇద్దరి మధ్య సంభాషణ మొదలవుతుంది. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం కూడా నేర్చుకోవాలి. మనకు ఆ నిశ్శబ్దం భరించలేనంత పెద్దదిగా తోస్తుంది. అవతలి మనిషి ఆ సమయంలో వాక్యం కూర్చుకుంటూ ఉంటాడు. మనసులో పది లెక్కపెట్టు, అప్పటికీ రాకపోతే ప్రశ్నను ఇంకొంచెం చిన్నది చేసి మళ్ళీ అడుగు.

ఎవరినీ వాళ్ళ దేశానికి ప్రతినిధిగా నిలబెట్టకు. మీ దేశపు పాట తీసుకురండి అని అడగకు, మీకిష్టమైన పాట తీసుకురండి అని మాత్రమే అడుగు. పెరూ నుంచి వచ్చిన అమ్మాయి కొరియా బృందం పాట తేవచ్చు, టర్కీ అబ్బాయి అమెరికా రాక్ పాట తేవచ్చు. అవి తమవి కావని ఎవరూ అనకూడదు. ఆ పాటలు వింటూనే ఇంగ్లీషు నేర్చుకున్నామని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ కథలు ఎంతో బాగుంటాయి. దేశాల మధ్య తగవులున్నచోట మరికొంత జాగ్రత్త అవసరం. కొరియా విద్యార్థులు అరిరాంగ్ తెస్తే, ఆ జానపద గీతాన్ని యునెస్కో తన వారసత్వ జాబితాలో 2012లో దక్షిణ కొరియా పేరున, 2014లో ఉత్తర కొరియా పేరున చేర్చిందని నీకు తెలిసి ఉండటం మంచిది. జొంగ్‌సన్, జిందో, మిర్యాంగ్ అంటూ ప్రాంతానికొక బాణీ ఉన్న పాట అది. నీ ఊరి బాణీ ఏది అని అడిగితే చర్చ ఇళ్ల వైపు నడుస్తుంది, ఆ పాట అసలు ఎవరిది అని అడిగితే గొడవ వైపు నడుస్తుంది. రష్యా, ఉక్రెయిన్ విద్యార్థులు ఒకే గదిలో ఉన్నప్పుడూ, చైనా, తైవాన్ విద్యార్థులు పక్కపక్కన కూర్చున్నప్పుడూ కూడా ఇదే మార్గం పట్టుకో.

పాటను పక్కన పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. మతవిశ్వాసం వల్ల వాద్య సంగీతం వినని ముస్లిం విద్యార్థులు కొందరు, రంజాన్ నెలలో మాత్రమే మానేసేవాళ్ళు మరికొందరు తారసపడతారు. 1979 విప్లవం తర్వాత ఇరాన్‌లో పురుషులున్న సభలో స్త్రీ ఒంటరిగా పాడటం నిషిద్ధమైంది. అందువల్ల ఇరాన్ అమ్మాయి ఒక గాయని గురించి మాట్లాడేటప్పుడు, ఆ గొంతును ఇంటి నాలుగు గోడల మధ్యే విన్న జ్ఞాపకం దాని వెనక ఉండవచ్చు. ఎవరినీ కారణం అడగకుండా, పాటకు బదులు పద్యమో, జోలపాట మాటలో, చిన్నప్పుడు ఆటల్లో చదువుకున్న లయ ఉన్న మాటలో తెచ్చుకోవచ్చని మొదటి సందేశంలోనే అందరికీ రాసెయ్యి.

మనవాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటింది. వాళ్ళలో తెలుగువాళ్ళ వాటా పెద్దదే. కాబట్టి నీ తరగతికి మన పిల్లలు తప్పకుండా వస్తారు, వచ్చి వెనక వరసలో ఒకేచోట కూర్చుంటారు. ప్రేమగానే విడదీసి కూర్చోబెట్టు. ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది కాబట్టి, వాళ్ళు తెచ్చేది ఎక్కువగా అదే అయి ఉంటుంది. అది పెడితే అందరూ లేచి చిందులేస్తారు, బాగానే ఉంటుంది, కాని మాట పుట్టదు. ఆ పాటే కావాలంటే, దాన్ని 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ రాజభవనం ముందు చిత్రీకరించారన్న సంగతితోనో, పాటలో వినిపించే జాతర, జొన్నరొట్టె, కిర్రుచెప్పులతోనో మొదలుపెట్టమను. నన్నడిగితే బతుకమ్మ పాట ఇంకా మంచి ఎంపిక. ఒకరు పంక్తి పాడి మిగతావాళ్ళు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు, ఒక్క నిమిషంలో గదిలో ఉన్నవాళ్ళందరి నోటికీ అది వచ్చేస్తుంది. తంగేడు, గునుగు పూలు ఎవరు కోసుకొస్తారు, ఎలా పేరుస్తారు, తొమ్మిది రోజులూ ఏమేమి వండుతారు, చివరి రోజున చెరువులో ఎందుకు వదులుతారు అని ఇతర దేశాలవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మన పిల్లలకు ఇరవై నిమిషాలు చాలవు.

ఎవరో ఒకరు ఏడుస్తారు. దానికి నువ్వు ముందే సిద్ధంగా ఉండాలి. ఇల్లు వదిలి వచ్చి కొద్ది నెలలే అయిన పిల్లలు, అమ్మ వంటింట్లో పెట్టుకునే పాటను పరాయి గదిలో వింటే దుఃఖం రాకుండా ఎలా ఉంటుంది? చప్పట్లు కొట్టించకు, ఓదార్పు మాటలతో అందరి చూపూ ఆ మనిషి మీద పడేలా చేయకు, ఇంకేమైనా చెబుతావా అని అడగకు. పాట ఆపి, కాసేపు ఆగి, పక్కవాళ్ళను తమ ఇంటి పాట గురించి అడుగు. తరగతి అయ్యాక ఆ మనిషితో పాటు బయటిదాకా నడువు. నేను చూసినంతవరకు అలా ఏడ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ తరగతికి వస్తూనే ఉన్నారు.

పాటల్లో బూతు మాటలుంటే ముందే చూసుకుని, విద్యార్థికి విడిగా చెప్పి మరో ముక్క ఎంచుకోమను. తెలియక తెచ్చేవాళ్ళే ఎక్కువ. సాహిత్యం మొత్తం అచ్చు వేసి పంచవద్దు, కాగితం చేతిలో పడితే తలలు వంగిపోతాయి, ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. పాట పేరు, భాష, పాడినవాళ్ళ పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తే సరిపోతుంది. సెమిస్టరు చివరికి అందరి పాటలనూ ఒక జాబితాగా చేసి అందరికీ పంపు. ఎవరైనా తమ పేరు ఉండవద్దంటే తీసెయ్యి. మొదటి తరగతికి ఎవరెవరు ఏ పాటలు తెస్తున్నారో తేలాక నాకు రాయి. వాటిలో ఏదైనా నేను విన్నదైతే దానికి తగిన ప్రశ్నలు కొన్ని కూర్చి పంపుతాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ అత్తయ్య