క్లబ్ అమ్మకం మాట వినిపించినప్పుడు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మన ఫుట్‌బాల్ క్లబ్‌ను ఎవరో కొనబోతున్నారన్న మాట పుట్టి మూడు వారాలైందనీ, అప్పటినుంచి ఫోన్‌ను తల పక్కన పెట్టుకునే పడుకుంటున్నావనీ, వచ్చే వారం అభిమానుల ట్రస్టు సమావేశంలో ఆ కొనుగోలుదారుకు బహిరంగంగా మద్దతు ప్రకటించాలన్న తీర్మానం మీద ఓటు వేయవలసి ఉందనీ రాశావు. ఎటు వేయాలో చెప్పమన్నావు. ముప్పై ఏళ్ళు ఆ స్టాండులో కూర్చున్నవాడిగా, అంతకంటే ఎక్కువ కాలం కంపెనీల లెక్కలు తనిఖీ చేసి బతికినవాడిగా నాకు తోచింది చెబుతాను.

ఊహాగానాలు చేయవద్దని మాత్రం అనను. అనడానికి నాకు అర్హత లేదు. వెనక ఒకసారి మన క్లబ్ అమ్మకం గురించి ఇలాగే గుప్పుమన్నప్పుడు, కొనబోయేవాడి ప్రైవేటు విమానం మన వైపే వస్తోందని ఎవరో కనిపెట్టారు. విమానాల రాకపోకలు చూపించే మ్యాపులో చిన్న పసుపుపచ్చని బొమ్మ సముద్రం మీదుగా వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంటే, తెల్లవారుజామున మూడు గంటల దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది దిగగానే, స్టాండులో నా పక్క సీటు మిత్రుడికి "అయిపోయింది" అని ఒక్క మాట పంపాను. ఆయన ఇంకొకరికి పంపాడు. మధ్యాహ్నానికి అదే వార్త "లోపలి మనిషి ఒకరు ధ్రువీకరించారు" అన్న తోకతో తిరిగి నా దగ్గరికే వచ్చింది. దాన్ని చదివి నేను ఎంతో సంతోషించాను కూడా. ఆ లోపలి మనిషిని నేనేనని తెలియడానికి నాకు ఒక రోజు పట్టింది. ఆ విమానంలో దిగినవారికీ మన క్లబ్‌కూ ఏ సంబంధమూ లేదు.

కనుక వార్త చెవిన పడగానే నువ్వు అడగవలసింది నిజమా అబద్ధమా అని కాదు, అది ఏ మెట్టు మీది వార్త అని. ఫలానావారికి ఆసక్తి ఉందనడం ఒక మెట్టు. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసి క్లబ్ లెక్కలను పరిశీలిస్తున్నారనడం దానికి పై మెట్టు. ఇంత గడువు దాకా వేరెవరితోనూ బేరమాడనని అమ్మేవాడు రాసివ్వడం ఆ పైది. అమ్మకపు ఒప్పందం మీద సంతకాలు పడ్డాక కూడా పోటీలు నడిపే లీగువారి ఓనర్స్ అండ్ డైరెక్టర్స్ టెస్ట్, అంటే కొనేవాడు యజమానిగా ఉండదగినవాడా అన్న పరీక్ష, మిగిలే ఉంటుంది. ఇంగ్లండు క్లబ్ ఎవర్టన్ సంగతి గుర్తు తెచ్చుకో. 2023 సెప్టెంబరులో 777 పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ, క్లబ్ యజమాని ఫర్హాద్ మొషిరి చేతిలోని 94.1 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. లీగు పెట్టిన షరతులు నెరవేరలేదు. క్లబ్ రోజువారీ ఖర్చులకు ఆ సంస్థే అప్పులు ఇస్తూ వచ్చినా 2024 మే నెలాఖరుకు ఒప్పందం గడువు ముగిసిపోయింది. చివరికి క్లబ్ ఫ్రీడ్‌కిన్ గ్రూపు చేతికి వెళ్ళింది 2024 డిసెంబరు 19న. ఆ గ్రూపు కూడా అదే ఏడాది వేసవిలో ఒకసారి బేరం వదులుకుని వెళ్ళి, మళ్ళీ వచ్చినదే. సంతకాలైన తరువాత కూడా ఇంత జరిగినప్పుడు, ఆసక్తి ఉందన్న మాట మీద కొత్త సెంటర్ ఫార్వర్డ్ ఎవరు, కోచ్ ఎవరు అని జట్టు కట్టేసుకోవడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న చందమే. సరదాకు కట్టుకో, కాదనను. ఆ జట్టును నమ్మి మాత్రం ఓటు వేయకు.

ఆలస్యం జరుగుతోందంటే అసలు అడ్డం ఎక్కడుందో వెతుకు. చాలాసార్లు అది మైదానానికి ఎంతో దూరంలో ఉంటుంది. న్యూకాసిల్‌ను కొనడానికి సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి అయిన పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ నాయకత్వంలోని కొనుగోలుదారుల కూటమి 2020 వసంతంలో ముందుకు వచ్చి, ఆ జులై 30న వెనక్కి తగ్గింది. అభిమానులు ఏడాదికి పైగా లీగును తిట్టిపోశారు. లీగు అడిగిందల్లా ఒక్కటే: క్లబ్‌ను నడిపేది ఫండా, సౌదీ రాజ్యమా? దీనికి తోడు, ప్రీమియర్ లీగు ప్రసార హక్కులున్న ఖతార్ ఛానల్ బీఇన్‌ను సౌదీ తన గడ్డ మీద నిషేధించి ఉంది. 2021 అక్టోబరు 6న ఆ నిషేధం తొలగబోతోందన్న వార్త వచ్చింది, మరునాడే కొనుగోలు పూర్తయింది. రాజ్యం నియంత్రించదన్న హామీ చట్టబద్ధంగా తమకు అందిందని లీగు ప్రకటించింది. ఆ హామీని నువ్వు నమ్ముతావా లేదా అన్నది వేరే సంగతి. విమానాల బొమ్మలు చూసినవారికంటే ప్రసార హక్కుల తగాదాను గమనించినవారికే ఆ వ్యవహారం బాగా అర్థమైందని చెప్పడం నా ఉద్దేశం.

రెండో ప్రశ్న, ఈ మాట బయటికి రావడం వల్ల ఎవరికి లాభం అన్నది. నిప్పు లేనిదే పొగ రాదని నీ మిత్రులు అంటున్నారని రాశావు. ఈ వ్యాపారంలో పొగను విడిగా అమ్ముకునేవాళ్ళున్నారు. అమ్మేవాడికి ఇంకో బేరగాడు ఉన్నాడన్న మాట ధర పెంచుతుంది. కొనేవాడికి అభిమానుల సందడి అమ్మేవాడి మీద ఒత్తిడిగా పనికివస్తుంది. మధ్యవర్తికి తన పేరు ఒక క్లబ్‌తో ముడిపడి వినిపిస్తే చాలు, తరువాతి క్లబ్ దగ్గర తలుపు తెరుచుకుంటుంది. మాంచెస్టర్ యునైటెడ్ యజమానులైన గ్లేజర్ కుటుంబం వారు 2022 నవంబరులో అమ్మకంతో సహా అన్ని మార్గాలనూ పరిశీలిస్తున్నామని ప్రకటించిన నాటినుంచి, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో దాని షేరు ఇలాంటి మాటల వెంటే ఎగిరింది, పడింది. 2023 సెప్టెంబరులో, అమ్మకం ఆగిపోవచ్చన్న ఒక వార్తకు ఒక్క రోజులోనే దాదాపు 18 శాతం పడిపోయింది. మొత్తం క్లబ్ కొంటానన్న ఖతార్ షేక్ జాసిమ్ ఆ అక్టోబరులో తప్పుకున్నారు. బ్రిటిష్ వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ దాదాపు నాలుగో వంతు వాటాతో లోపలికి వచ్చారు, గ్లేజర్లు ఉన్నచోటే ఉన్నారు. ఏడాదికి పైగా నడిచిన వాదాలన్నీ పూర్తి అమ్మకం గురించే. జరిగింది మాత్రం పాక్షిక అమ్మకం.

ఇక డబ్బు. కొనేవాడి దగ్గర ఎంత ఉందన్న లెక్క మీద నువ్వు రెండు పేజీలు రాశావు. ఆ లెక్క నాకు పెద్దగా అక్కరలేదు. కొనడానికి పెట్టే డబ్బు ఎవరిది, కొన్నాక ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే నేను చూస్తాను. 2005లో మాల్కమ్ గ్లేజర్ మాంచెస్టర్ యునైటెడ్‌ను దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు అందులో పెద్ద భాగం అప్పు తెచ్చిన సొమ్మే, అందులోనూ చాలా భాగం అంతవరకు అప్పులేని క్లబ్ మీదికే వచ్చి పడింది. ఎవరి వేలితో వారి కన్నే పొడవడమంటే అది. ఆ కొనుగోలును ఓర్వలేని కొందరు అభిమానులు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు.

దీన్ని నువ్వు స్వయంగా చూడవచ్చు. బ్రిటన్‌లో కంపెనీల పత్రాలను, వాటిని నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన క్లబ్ కంపెనీ పేరు కొట్టి, ముందుగా ఛార్జెస్ అన్న భాగం తెరువు. ఏ రుణదాతకు ఏ తేదీన తాకట్టు రాసిచ్చారో వరుసగా ఉంటుంది. తీరిపోయినవాటి పక్కన సాటిస్ఫైడ్ అనీ, తీరనివాటి పక్కన ఔట్‌స్టాండింగ్ అనీ కనిపిస్తుంది. తీరనిదాన్ని తెరిచి అసలు పత్రం చదువు. తాకట్టులో ఉన్నది స్టేడియమా, రాబోయే టీవీ సొమ్మా, అమ్మిన ఆటగాళ్ళ తాలూకు రావలసిన వాయిదాలా అన్నది తెలుస్తుంది. తరువాత కొనబోయేవారి కంపెనీ పేరు కొట్టు. అది ఎప్పుడు పుట్టింది, పేరు ఎన్నిసార్లు మారింది, లెక్కలు గడువులోగా దాఖలు చేసిందా, దాని డైరెక్టర్లు ఇంకా ఏ ఏ కంపెనీల్లో ఉన్నారు, వాటిలో ఎన్ని మూతపడ్డాయి? అరగంట పని. నా ఉద్యోగ జీవితంలో మనుషుల మాటల్లో కనిపించని సంగతులు గడువు దాటిన లెక్కల్లో కనిపించేవి. విదేశాల్లో నమోదైన కంపెనీ అయితే ఈ దారి అక్కడితో ఆగిపోతుంది; అప్పుడు, దాని వెనక ఉన్న మనిషి ఎవరని ట్రస్టు తరఫున రాతపూర్వకంగా అడగాలి.

కొత్త యజమాని చేసే వాగ్దానాలను తేదీతో సహా రాసి పెట్టుకో. 2007 ఫిబ్రవరిలో లివర్‌పూల్‌ను కొన్న ఇద్దరు అమెరికన్లలో జార్జ్ జిలెట్, కొత్త స్టేడియం కోసం 60 రోజుల్లోగా పార నేలలో దిగాలన్నారు. ఆ స్టేడియం కట్టనే లేదు. క్లబ్ 2010 అక్టోబరులో హైకోర్టు దాకా వెళ్ళి, 30 కోట్ల పౌండ్లకు చేతులు మారింది. మన ప్రస్తుత యజమాని మీద నీకున్న కోపం నాకూ ఉంది. అయితే ఎవరొచ్చినా ఇంతకంటే నయమే అనే మాటను నేను ఒప్పుకోను. బరీ క్లబ్‌ను 2018 డిసెంబరులో ఒకాయన ఒక్క పౌండుకు కొన్నారు. క్లబ్‌ను నడిపే నిధులున్నాయని ఆయన రుజువు చూపలేకపోవడంతో, మరో కొనుగోలు ప్రయత్నమూ చివరి గంటల్లో చెడిపోవడంతో, 1885లో పుట్టిన ఆ క్లబ్‌ను 2019 ఆగస్టు 27న లీగు నుంచి తొలగించారు.

ఇప్పుడు నీ ఓటు. దీని గురించి నేను ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ మనం కూర్చుని ఊహించుకునేవి, ఇది నువ్వు చేతితో చేసేది. 2009లో నాట్స్ కౌంటీలో మెజారిటీ వాటా అభిమానుల ట్రస్టుదే. మధ్యప్రాచ్యపు డబ్బు ఉందని చెప్పుకున్న ముంటో ఫైనాన్స్ అనే సంస్థ వచ్చింది. ట్రస్టు సభ్యులు భారీ మెజారిటీతో ఓటు వేసి తమ వాటాను ఉచితంగా ఇచ్చేశారు. నాలుగో అంచె క్లబ్‌కు ఇంగ్లండు జట్టు మాజీ మేనేజరు స్వెన్ గోరాన్ ఎరిక్సన్ డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌గా వచ్చారు, ఇంగ్లండు తరఫున ఆడిన సోల్ కాంప్‌బెల్ వచ్చి ఒక్క మ్యాచ్ ఆడి వెళ్ళిపోయారు. డిసెంబరుకల్లా డబ్బు లేదని తేలి, అప్పులతో సహా క్లబ్ ఒక్క పౌండుకు చేతులు మారింది. అదే సీజనులో జట్టు ఆ నాలుగో అంచె అయిన లీగ్ టూ ఛాంపియన్ కూడా అయింది! అభిమానులు ఇచ్చేసిన వాటా మాత్రం వెనక్కి రాలేదు. ఆ ఓటు వేసినవాళ్ళు అమాయకులనుకోకు. ఏళ్ళ తరబడి చందాలతో క్లబ్‌ను మోసి అలసిపోయినవాళ్ళు వాళ్ళు. నువ్వు ఇప్పుడు ఎంత అలసిపోయావో అంత.

పోర్ట్స్‌మత్ అభిమానులది ఇంకో దారి. వరుసగా మారిన యజమానుల కింద రెండుసార్లు దివాలా ప్రక్రియకు వెళ్ళిన క్లబ్‌ను వాళ్ళు 2013లో తమ చేతుల్లోకి తీసుకున్నారు. 2017లో డిస్నీ మాజీ అధిపతి మైఖేల్ ఐస్నర్ వచ్చినప్పుడు ఆయన్ను పిలిపించుకుని సభలో ప్రశ్నలు అడిగి, వాటాలకు 56.7 లక్షల పౌండ్ల ధరా, దానికి తోడు క్లబ్‌లో కోటి పౌండ్ల పెట్టుబడీ ఖాయం చేసుకున్నాకే ఓటుకు వెళ్ళారు. అమ్మకానికి ఒప్పుకున్నవాళ్ళే ఎక్కువ. రెండు చోట్లా అభిమానులు అవుననే అన్నారు, ఎప్పుడు అన్నారన్నదే తేడా.

కాబట్టి ఆ తీర్మానాన్ని ఉన్నది ఉన్నట్టుగా బలపరచవద్దని నా అభిప్రాయం. వ్యతిరేకించనూ వద్దు. సవరణ ప్రతిపాదించు. కొనుగోలు సొమ్ములో అప్పు ఎంత, అది ఎవరి పేరున ఉంటుంది, స్టేడియం యాజమాన్యం క్లబ్‌లోనే ఉంటుందా, రంగులూ చిహ్నమూ మార్చే ఆలోచన ఉందా, వెనక ఉన్న అసలు యజమాని ఎవరు అన్న ప్రశ్నలకు రాతపూర్వక సమాధానాలు వచ్చేదాకా ట్రస్టు మద్దతు గానీ వ్యతిరేకత గానీ ప్రకటించదు అని చేర్చమను. రంగుల మాట హాస్యాస్పదంగా తోచవచ్చు. 2012లో కార్డిఫ్ క్లబ్ యజమాని నీలం జెర్సీని ఎరుపు చేసినప్పుడు ఎవరూ నవ్వలేదు, మళ్ళీ నీలం రావడానికి 2015 జనవరి దాకా పట్టింది. ఇంగ్లండులో మొదటి ఐదు అంచెల క్లబ్బుల కోసం స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరుస్తూ 2025లో చట్టం వచ్చాక ఇలాంటివాటికి కొంత రక్షణ దొరికింది గానీ, ట్రస్టు అడగవలసిన ప్రశ్నలను నియంత్రణ సంస్థ అడిగిపెట్టదు.

సభలో నిన్ను కొందరు క్లబ్‌కు అడ్డుపడుతున్నావంటారు. కొనేవాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతాడని భయపెడతారు. కోట్ల పౌండ్లు పెట్టి క్లబ్ కొనేవాడు ఐదు ప్రశ్నలకు పారిపోతే, అతడు వెళ్ళినందుకు నేను బాధపడను. ఎవరితోనూ గొంతు పెంచకు. ప్రశ్నలను కాగితం మీద ముద్రించి తీసుకువెళ్ళి, తలకొకటి పంచు. నోటి మాటను పక్కదోవ పట్టించినంత తేలిక కాదు, చేతిలో ఉన్న కాగితాన్ని పట్టించడం.

సీజన్ టికెట్ ఇప్పుడే తీసుకోవాలా, అమ్మకం తేలేదాకా ఆగాలా అని చివర్లో అడిగావు. తీసుకో. మన సీట్లు పక్కపక్కనే ఉండేలా చూడు. ఛార్జెస్ పత్రాలు దొరికితే నాకు పంపు, కలిసి చదువుదాం. ఒప్పందం పూర్తయిందని క్లబ్ స్వయంగా ప్రకటించిన రోజున ఏ వేళప్పుడైనా ఫోన్ చేయి. విమానం దిగిన రోజున మాత్రం చేయకు.

ఆశీస్సులతో,
మామయ్య